జపాన్ గుళ్లలో మన దేవుళ్లు: ఆ ఫార్వర్డ్ మెసేజ్‌లో నిజమెంత?

మా పెద్దమ్మ ఫోన్‌కి ఒక మెసేజ్ తిరిగి తిరిగి వస్తుంటుంది. జపాన్‌లో ఇరవైకి పైగా హిందూ దేవతల్ని పూజిస్తారు, సరస్వతికి అక్కడ వందల గుళ్లున్నాయి, ఈ సంగతి మన పిల్లలకు ఎవరూ చెప్పరు, పదిమందికి పంపండి అని. అది చదివి ఆవిడ మురిసిపోతుంది. మా తమ్ముడికి ఇంకోటి వస్తుంది. జపాన్ వాళ్లకి అసలు మతమే లేదు, పనే వాళ్లకి దైవం, అందుకే బాగుపడ్డారు అని. మొన్న సంక్రాంతికి ఇద్దరూ ఎదురుపడితే వాదన గారెలు చల్లారేదాకా నడిచింది. చిక్కేంటంటే ఇద్దరి దగ్గరా సగం సగం నిజం ఉంది, ఆ రెండు సగాలూ కలిపినా మాత్రం పూర్తి సంగతి తెలియదు.

పైగా ఇప్పుడు చెర్రీ పూల సీజన్‌కి టూర్ ప్యాకేజీల్లో మనవాళ్లు బాగానే వెళ్తున్నారు. ఒక గుళ్లో చప్పట్లు కొట్టాలని, పక్క గుళ్లో కొట్టకూడదని గైడ్ చెబితే, ఎందుకో అర్థం కాక రెండు చోట్లా కొట్టేసి ఫొటో దిగి వచ్చేస్తున్నారు. కాబట్టి మొదట్నుంచి చూద్దాం.

జింజా వేరు, తెరా వేరు

మనం "గుడి" అనే ఒక్క మాటతో సరిపెట్టేచోట వాళ్లకి రెండు మాటలున్నాయి. జింజా అంటే షింతో, అంటే జపాన్ సొంత స్థానిక సంప్రదాయం, దాని దేవుళ్లుండే చోటు. ఆ దేవుళ్లని కామి అంటారు. కామి అనగానే పైన ఎక్కడో ఉండే పరమాత్మని ఊహించుకోకండి. కొండ, జలపాతం, వందల ఏళ్ల చెట్టు, వంశానికి మూలపురుషుడు, కోపంతో చచ్చిపోయిన పండితుడు, ఏదైనా ఎవరైనా కామి కావచ్చు. సుగవారా నో మిచిజానే అనే పండితుడు రాజకీయాల్లో ఓడి, రాజధానికి దూరంగా పంపేస్తే 903లో చనిపోయాడు. ఆ తర్వాత వరసగా అరిష్టాలు వచ్చేసరికి ఆయన కోపమే అనుకుని గుడి కట్టారు. ఇవాళ ఆయన చదువుల దేవుడు, పరీక్షల ముందు పిల్లలంతా ఆయన దగ్గరికే. ఊరి పొలిమేరలో పోలేరమ్మనీ, చిలుకూరులో వీసా బాలాజీనీ చూసినవాళ్లకి ఇది వింతగా అనిపించదు.

తెరా అంటే బౌద్ధాలయం. పేరు చివర జి, ఇన్, దెరా అని ఉంటే బౌద్ధం. జింజా, జింగూ, తైషా అని ఉంటే షింతో. రెండు నిలువు స్తంభాలు, పైన అడ్డంగా రెండు దూలాలతో తోరణంలా నిలబడే తోరీ కనిపిస్తే మామూలుగా జింజా అన్నట్టే. అక్కడ రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగుతారు (ఇజుమో తైషాలో అయితే నాలుగు చప్పట్లు). బౌద్ధాలయంలో చప్పుడు లేకుండా చేతులు జోడిస్తే చాలు.

అసలు తేడా తెలిసేది చావు దగ్గర. కామికి మైల పనికిరాదు, అందుకే జింజాలో సాధారణంగా శవసంస్కారం ఉండదు, సమాధులు ఉండవు. చావు పనులన్నీ తెరాకి. ఇంట్లో ఎవరైనా పోతే 50 రోజులపాటు జింజాకి వెళ్లకపోవడం ఆనవాయితీ. ఆ ఏడాది కొత్త సంవత్సరం గ్రీటింగ్ కార్డులు కూడా పంపరు. మేం మైలలో ఉన్నాం, ఈసారి శుభాకాంక్షలు చెప్పలేం అని డిసెంబర్ లోపే ఇంకో కార్డు పంపుతారు. "ఈ ఏడు మాకు పండగ లేదండీ" అని మనం నోటితో చెప్పే మాటకి వాళ్లు పోస్టు కార్డు అచ్చేశారు, అంతే.

ఒక ఇల్లు, ఒక ఏడాది

ఊరికే ఉదాహరణకి నగోయాలో ఒక కుటుంబం అనుకుందాం. అమ్మ, నాన్న, ఏడేళ్ల పాప, నాయనమ్మ. జనవరి ఒకటిన అందరూ కలిసి జింజాకి వెళ్లి మొదటి మొక్కు మొక్కుతారు. మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో తెరాకి వెళ్లి తాతయ్య సమాధి కడిగి పూలు పెడతారు. ఆగస్టు మధ్యలో ఓబొన్ వస్తుంది, పోయినవాళ్లు ఇంటికొచ్చే రోజులు, మన పితృపక్షం లాంటివి. చాలా ఇళ్లలో కీరకాయకీ వంకాయకీ పుల్లలు గుచ్చి కాళ్లు పెడతారు. కీరకాయ గుర్రం, వంకాయ ఎద్దు. తాతయ్య గుర్రమెక్కి గబగబా రావాలి, వెళ్లేటప్పుడు ఎద్దు మీద నిదానంగా వెళ్లాలి.

నవంబర్‌లో పాపకి కిమోనో కట్టి మళ్లీ జింజాకి తీసుకెళ్తారు, మూడు, ఐదు, ఏడేళ్ల పిల్లలకి చేసే వేడుక అది. డిసెంబర్ 24న కేకు, వేయించిన చికెన్. డిసెంబర్ 31 రాత్రి తెరాలో గంట 108 సార్లు మోగుతుంది. ఆ 108 ఎక్కడిదో మనకి చెప్పక్కర్లేదు. ఇక అమ్మానాన్నల పెళ్లి ఫొటో చూస్తే చర్చిలాంటి హాల్లో తెల్ల గౌనుతో ఉండొచ్చు, వాళ్లు క్రైస్తవులు కాకపోయినా సరే.

ఇప్పుడు ఆ నాన్నని పట్టుకుని మీదే మతం అని అడిగితే, ఎక్కువగా వచ్చే జవాబు "ఏమీ లేదండీ" అనే.

పన్నెండు కోట్ల మందికి పద్దెనిమిది కోట్ల భక్తులు

జపాన్ ప్రభుత్వ సాంస్కృతిక విభాగం మత సంస్థలు ఇచ్చే లెక్కల్ని ఏటా అచ్చేస్తుంది. 2021 చివరి లెక్కలో షింతో వాళ్లు 8.7 కోట్ల దాకా, బౌద్ధులు 8.3 కోట్ల దాకా, క్రైస్తవులు దాదాపు 20 లక్షలు, మిగతావాళ్లు కొందరు. అన్నీ కలిపితే 18 కోట్లకి దగ్గరగా వచ్చింది. దేశ జనాభా మాత్రం దాదాపు పన్నెండున్నర కోట్లే.

తప్పుడు లెక్క కాదిది, లెక్కించే పద్ధతే అలాంటిది. జింజా తన పరిధిలో ఉండే ఇళ్లన్నిటినీ తన మనుషులుగానే చూస్తుంది. తెరా ఏమో తన దగ్గర సమాధి ఉన్న కుటుంబాలన్నిటినీ రాసుకుంటుంది. ఈ రెండో అలవాటు 17వ శతాబ్దంలో మొదలైంది. క్రైస్తవాన్ని నిషేధించిన షోగున్‌లు, అంటే అప్పట్లో దేశాన్నేలిన సేనానులు, ప్రతి ఇల్లూ ఏదో ఒక తెరాలో పేరు నమోదు చేయించుకుని తాము క్రైస్తవులం కామని రుజువు చేసుకోవాలన్నారు. పేరు ఆనాటి నుంచీ తరాలుగా అలాగే వస్తోంది. కాబట్టి మన నగోయా నాన్న సంస్థల లెక్కలో రెండుసార్లు పడతాడు, సర్వేలో అడిగితే ఒక్కసారీ పడడు.

దీనికి తోడు "షూక్యో", అంటే మతం, అనే మాటే అక్కడ ఈ అర్థంలో 19వ శతాబ్దంలో స్థిరపడింది, విదేశీ ఒప్పందాల్లో వచ్చిన రెలిజియన్ అనే మాటకి అనువాదంగా. ఒక గురువు, ఒక గ్రంథం, ఒక సభ్యత్వం అనే వాసన ఆ మాటకి ఉంది. అందుకే మతం లేదు అన్న మనిషే ఉదయం వండిన అన్నంలో మొదటి ముద్ద ఇంట్లో ఉన్న బౌద్ధ పీఠం ముందు పెట్టి వస్తాడు. మా తమ్ముడి మెసేజ్ తప్పింది సరిగ్గా ఇక్కడే.

దేవుళ్లు ఏ దారిన వెళ్లారు

ఇక పెద్దమ్మ సంగతి. మన దేవుళ్లు జపాన్‌కి నేరుగా ఓడెక్కి వెళ్లలేదు. బౌద్ధంతో కలిసి మధ్య ఆసియా మీదుగా చైనా చేరి, అక్కడ చైనా బట్టలు కట్టి, చైనా అక్షరాల్లో పేర్లు పెట్టించుకుని, 6వ శతాబ్దం నుంచి విడతలుగా జపాన్‌లో దిగారు. ఎక్కువమంది దిగింది 9వ శతాబ్దంలో. కూకై అనే సన్యాసి 804లో చైనా వెళ్లి, అక్కడ ప్రజ్ఞ అనే భారతీయ భిక్షువు దగ్గర సంస్కృతం నేర్చుకుని, 806లో మంత్రాలు, మండలాలు (దేవతల్ని ఒక వరసలో అమర్చి గీసే పటాలు), హోమం పట్టుకుని తిరిగొచ్చాడు. ఆయన నెలకొల్పిన శాఖ పేరు షింగొన్, అంటే మంత్రం అనే. ఆ శాఖ గుళ్లలో ఇప్పటికీ హోమం జరుగుతుంది, దాన్ని గోమా అంటారు. నరితా ఎయిర్‌పోర్టు పక్కనే ఉన్న నరితా-సాన్ గుళ్లో రోజూ చేస్తారు. అక్కడే కొత్త కారుకి పూజ చేయించుకునే ఏర్పాటు కూడా ఉంది. నిమ్మకాయలు తొక్కించరు గానీ మిగతాది మనకి తెలిసిన వ్యవహారమే.

బౌద్ధంలో పూజ్యులకి నాలుగు మెట్లు. పైన బుద్ధులు, తర్వాత బోధిసత్వులు, ఆ తర్వాత విద్యారాజులు, చివర్న "తెన్". తెన్ అంటే దేవుడు, దేవత. మనవాళ్లంతా ఈ నాలుగో మెట్టు మీద, ధర్మానికి కాపలాదారులుగా ఉన్నారు. బ్రహ్మ బొన్‌తెన్, ఇంద్రుడు తైషాకుతెన్, లక్ష్మి కిచిజోతెన్, కుబేరుడు బిషామొన్‌తెన్, సరస్వతి బెంజైతెన్, వినాయకుడు కాంగితెన్. మన పెద్ద గుళ్లలో మండపం పైకప్పు మీద చెక్కే అష్టదిక్పాలకులు ఉన్నారు కదా, తూర్పున ఇంద్రుడు, ఆగ్నేయంలో అగ్ని, దక్షిణాన యముడు అంటూ, ఆ ఎనిమిది మందీ అవే దిక్కుల్లో అక్కడా ఉన్నారు. పైన బ్రహ్మ, కింద భూదేవి, సూర్యచంద్రులు కలిస్తే పన్నెండు మంది.

దగ్గరగా చూడాలంటే క్యోటోలో తోజి గుడి. అక్కడి ఉపన్యాస మందిరంలో 21 విగ్రహాలు కూకై ఆలోచన ప్రకారం మండలంలా కొలువుదీరి ఉంటాయి. చీకటి గది, పాత చెక్క. ఒక కొసన తైషాకుతెన్ కవచం తొడిగి వజ్రాయుధం పట్టుకుని ఏనుగెక్కి కూర్చుంటాడు. ఇంకో కొసన బొన్‌తెన్, నాలుగు ముఖాలు, నాలుగు చేతులు, కింద తామర పువ్వుని మోస్తూ నాలుగు బాతులు. బాతులంటే హంసలే. పక్కన రాసిన పేరు చదవడం రాకపోయినా మనకి ఇబ్బంది లేదు.

మనకి ఇంకో తీగ కూడా తగులుతుంది. షింగొన్ గురుపరంపరలో మూడోవాడు నాగార్జునుడు. దక్షిణ భారతంలో ఒక ఇనుప స్తూపం తలుపు తెరిచి, లోపల వజ్రసత్వుడి దగ్గర ఆయన రహస్య బోధ అందుకున్నాడని వాళ్ల కథ. ఆ స్తూపం మన అమరావతి స్తూపమే అయ్యుంటుందని కొందరు పండితులు ఊహించారు. ఊహే అది, రుజువు కాదు. పైగా షింగొన్ నాగార్జునుడూ, మన నాగార్జునకొండతో ముడిపెట్టే తత్వవేత్తా ఒక్కరేనా అన్నదీ తేలలేదు. అయినా కృష్ణ ఒడ్డు ప్రస్తావనని ఎవరూ ఫార్వర్డ్ చేయకపోవడం నాకు కాస్త అన్యాయంగానే అనిపిస్తుంది.

ఒక్క అక్షరం మారితే ఉద్యోగం మారింది

బెంజైతెన్ పేరులో "జై" అనే ధ్వనికి మొదట రాసిన అక్షరానికి అర్థం ప్రతిభ. వాక్కు, ప్రతిభ ఇచ్చే దేవత, అచ్చం మన సరస్వతి. తర్వాతి కాలంలో అదే ధ్వని ఉన్న ఇంకో అక్షరం రాయడం మొదలైంది, దానికి అర్థం సంపద. దాంతో చదువుల తల్లి డబ్బుల తల్లి కూడా అయిపోయింది. కమకురాలో జెనిఅరాయ్ బెంతెన్ అనే చోట గుహలో ఊట నీళ్లలో జనం నోట్లు, చిల్లర కడుక్కుంటారు, కడిగిన డబ్బు పెరుగుతుందని. లక్ష్మీ సరస్వతులు ఒకచోట ఉండరని మనం అంటాం. అక్కడ ఇద్దరి డ్యూటీ ఆవిడొక్కతే చేస్తోంది. చేతిలో వీణ స్థానంలో బివా అనే వాయిద్యం వచ్చింది, తెల్లపాము తోడైంది, నీళ్ల దగ్గర ఉండటం మాత్రం నది నుంచి పుట్టిన దేవత కాబట్టి మారలేదు.

దైకొకుతెన్ కథ ఇంకా తమాషా. మహాకాలుడు, అంటే పెద్ద నల్లని వాడు అని అనువదించారు. "దైకొకు" అనే ధ్వని షింతో దేవుడు ఓకునినుషి పేరులోని అక్షరాల్ని ఇంకోరకంగా చదివితే కూడా వస్తుంది. ఇద్దరూ కలిసిపోయారు. ఫలితంగా భయంకరుడైన మహాకాలుడు నవ్వు ముఖంతో, బియ్యం బస్తాల మీద నిలబడి, చేతిలో సుత్తి, భుజాన సంచితో వంటింటి దేవుడయ్యాడు.

టోక్యోలో సుయితెన్‌గూ అని జింజా ఉంది, మెట్రో స్టేషన్‌కి కూడా ఆ పేరే. సుయితెన్ అంటే బౌద్ధంలో వరుణుడు. కానీ ఇప్పుడక్కడ పూజలందుకునే దేవుళ్లు వేరు, గర్భిణులు సుఖప్రసవం కోసం నడుము పట్టీ తెచ్చుకోవడానికి వెళ్తారు. వరుణుడి పేరు బోర్డు మీద మిగిలింది, ఆఫీసు ఇంకొకరు నడుపుతున్నారు.

వినాయకుడిది మరో దారి. కాంగితెన్ ఎక్కువగా రెండు ఏనుగు తలల మూర్తులు కౌగిలించుకున్న రూపంలో ఉంటాడు, ఆ విగ్రహాన్ని సాధారణంగా జనానికి చూపించరు. టోక్యో అసాకుసా దగ్గర మత్సుచియామా గుళ్లో ఆయనకి కొబ్బరికాయకి బదులు ముల్లంగి. గుళ్లోనే తెల్లగా, లావుగా ఉన్న ముల్లంగులు కొని దేవుడి ముందు పెడతారు. మూసి ఉన్న తలుపుల వెనక విగ్రహానికి నూనెతో అభిషేకం. ఆయనకి పెట్టే కాంగిదాన్ అనే మిఠాయిని పైన మూట కట్టినట్టు చుట్టి నువ్వుల నూనెలో వేయిస్తారు. పళ్లెంలో చూస్తే మోదకం గుర్తొస్తుంది.

ఇంతకీ వీళ్లు హిందూ దేవుళ్లేనా

పెద్దమ్మ వైపు బలమైన సాక్ష్యమే ఉంది. వాహనం అదే, దిక్కు అదే, హోమం అదే. బెంజైతెన్ మంత్రం జపాన్ నోట "ఓన్ సొరసొబతేయేయ్ సోవాకా" అని పలుకుతుంది. నెమ్మదిగా రెండుసార్లు చదవండి: ఓం సరస్వత్యై స్వాహా. షింగొన్ గుళ్లలో సిద్ధం అనే పాత భారతీయ లిపి అక్షరాలు ఇప్పటికీ రాస్తారు. ఆ లిపి చదువు ప్రభావంతోనే వాళ్ల అక్షరమాల అ, ఇ, ఉ, ఎ, ఒ అని మొదలై క, స, త, న, హ, మ, య, ర, వ అని నడుస్తుంది. మన క చ ట త ప వరసే, లేని ధ్వనులు తీసేస్తే.

అక్కడి బౌద్ధ సంప్రదాయం వైపు నుంచి చూస్తే, వీళ్లు బుద్ధుడి ముందు ధర్మాన్ని కాపాడతామని మాటిచ్చిన పరివారం. వేదం లేదు, పురాణ కథలు లేవు, బెంజైతెన్‌కి బ్రహ్మతో పెళ్లి సంగతి మామూలు భక్తుల ఊహలో కూడా ఉండదు. ఏడుగురు అదృష్ట దేవుళ్లలో ఆవిడ ఒకతె, పడవలో నవ్వుతూ వచ్చే ఆ ఏడుగురిలో ముగ్గురిది భారత మూలమని పట్టించుకోకుండానే జనం జనవరిలో వాళ్ల బొమ్మకి దణ్ణం పెడతారు.

చరిత్రకారులు ప్రశ్ననే తిప్పి అడుగుతారు. ఇంద్రుడు, బ్రహ్మ తొలి బౌద్ధ కథల్లోనే ఉన్నారు, అప్పటికి "హిందూ" అని పేరు పెట్టిన పెట్టె లేదు కదా, మరి బౌద్ధం ఎవరి దగ్గర అప్పు తెచ్చినట్టు? షింతో మీద కూడా ఇలాంటి వాదనే ఉంది. విడి మతంగా షింతో అనేది ఆధునిక కాలంలో రూపుదిద్దుకుందని, అంతకుముందు కామి పూజ బౌద్ధంలో ఒక భాగంగానే నడిచిందని కురోదా తోషియో అనే చరిత్రకారుడు వాదించాడు. అది మరీ ఎక్కువ అనేవాళ్లు సూర్యదేవత అమతెరాసు ఉండే ఇసే జింజాని చూపిస్తారు. అక్కడ ఒకప్పుడు బౌద్ధం మాటెత్తడం కూడా నిషిద్ధంగా ఉండేది, గుండు చేయించుకున్న భిక్షువుని "పొడవు జుట్టువాడు" అని మారుపేరుతో పిలిచేవాళ్లు. రెండూ వేరని తెలియకపోతే అంత జాగ్రత్త దేనికి?

నాకైతే వీళ్లని పుట్టిల్లు ఇండియా, మెట్టిల్లు జపాన్ అనుకోవడమే సుఖంగా ఉంది. ఇంటిపేరు మారింది, వంట మారింది, పిల్లలకి అమ్మమ్మగారి ఊరు తెలియదు, ముక్కు మాత్రం మన ముక్కే.

1868లో లేచిన గోడ

జింజా వేరు, తెరా వేరు అని మొదట్లో అంత ఖచ్చితంగా చెప్పాను కదా, ఆ ఖచ్చితత్వం వయసు నూటయాభై ఏళ్లు దాటింది, అంతే. అంతకుముందు వెయ్యేళ్లు రెండూ ఒకే ఆవరణలో ఉండేవి. కామి అంటే బుద్ధుడు స్థానికంగా ఎత్తిన రూపమని నమ్మేవాళ్లు. సూర్యదేవత అమతెరాసు మహావైరోచన బుద్ధుడే అనేవాళ్లు. బుద్ధుడు దశావతారాల్లో ఒకడనే మాట విన్న మనకి ఈ సర్దుబాటు అర్థం కావడం కష్టమేం కాదు.

1868లో చక్రవర్తి పేరిట వచ్చిన కొత్త ప్రభుత్వం కామినీ బుద్ధుడినీ విడదీయమని ఆజ్ఞ ఇచ్చింది. రాజు సూర్యదేవత వంశం కాబట్టి ఆ దేవత పూజలో "విదేశీ" బౌద్ధం కలవకూడదని. విడదీయమన్నది ఆజ్ఞ, చాలాచోట్ల జనం పగలగొట్టేశారు. బివా సరస్సు పక్కన హియోషి గుళ్లో బౌద్ధ వస్తువులు తగలబెట్టారు. నారాలో కోఫుకుజి సన్యాసులు మూకుమ్మడిగా పక్కనున్న కసుగా జింజాలో పూజారులైపోయారు. కమకురాలోని హచిమాన్ గుళ్లో బౌద్ధ కట్టడాలు కూల్చేశారు.

ఈ గోడ మధ్యలో ఇరుక్కుపోయింది మనవాళ్లే. వచ్చింది బౌద్ధంతో, పూజ జింజాలో. హిరోషిమా దగ్గర సముద్రంలో ఎర్ర తోరీ నిలబడే ఇత్సుకుషిమాలో బెంజైతెన్‌ని పక్కనున్న దైగాన్‌జికి పంపేశారు, జింజాలో అదే స్థానంలో ఇచికిషిమాహిమే అనే కామి మిగిలింది. తప్పించుకున్నవీ ఉన్నాయి. ఐచిలో తొయొకావా ఇనారి ముందు తోరీ ఉంటుంది, లోపల వందల నక్క బొమ్మలుంటాయి, ఎవరైనా జింజా అనుకుంటారు. అది జెన్ బౌద్ధాలయం. అక్కడ కొలిచేది నక్క మీద స్వారీ చేసే దాకినితెన్‌ని, అంటే మన డాకిని. అక్కడ చప్పట్లు కొట్టకూడదు.

చికుబు ద్వీపంలో రెండు దణ్ణాలు

ఇదంతా ఒకేచోట చూడాలంటే షిగాలో బివా సరస్సు మధ్య ఉన్న చికుబు ద్వీపం. చుట్టుకొలత రెండు కిలోమీటర్లు. నగహమా నుంచి పడవలో అరగంట పైచిలుకు. దిగగానే 165 రాతి మెట్లు నిటారుగా ఉంటాయి. ఎక్కితే హోగోన్‌జి, బెంజైతెన్ బౌద్ధాలయం. జపాన్‌లో మూడు పేరుమోసిన బెంజైతెన్ స్థానాల్లో ఇదొకటి, మిగతా రెండు ఇత్సుకుషిమా, ఎనోషిమా.

1868 ఆజ్ఞ వచ్చాక దీన్ని పూర్తిగా జింజా చేసేయాలన్నారు. గుడివాళ్లు ఒప్పుకోలేదు. చివరికి బేరం కుదిరింది: తెరా ఉంటుంది, కానీ బెంజైతెన్ ఉన్న పాత మందిరం జింజాకి పోతుంది. దాంతో అమ్మవారు తన సొంత గుళ్లోంచి బయటికొచ్చింది, కొత్త మందిరం 1942లో గానీ పూర్తి కాలేదు. పాత మందిరం ఇప్పుడు త్సుకుబుసుమా జింజా. రెండిటి మధ్య ఒక చెక్క వసారా ఉంది, 16వ శతాబ్దం చివర్లో దేశాన్నేలిన హిదెయోషి పడవ చెక్కతో కట్టారని చెబుతారు.

మనిషి బౌద్ధాలయంలో బెంజైతెన్ ముందు చప్పుడు లేకుండా చేతులు జోడించి, ఆ వసారాలోంచి కొన్ని అడుగులు నడిచి, జింజా ముందు రెండు చప్పట్లు కొడతాడు. అక్కడ్నుంచి సరస్సు వైపు ఒక చిన్న మండపం. రెండు మట్టి పలకలు కొని, ఒకదాని మీద పేరు, ఇంకోదాని మీద కోరిక రాసి, కింద నీళ్ల అంచున ఉన్న తోరీ మధ్యలోంచి పోయేలా విసరాలి. దూరిందంటే కోరిక తీరినట్టే. గాలి ఉన్న రోజు చాలావరకు పక్కకే పోతాయి, తోరీ చుట్టూ నేల తెల్లగా పగిలిన పెంకులతో నిండిపోయి ఉంటుంది.